దిబ్బ మీది మనిషికి వాటా

మొన్న ఆదివారం నా మనవరాలు అరసవల్లి నుంచి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. నా చిన్నప్పటి బొమ్మల పుస్తకాలు, అదే, అయిదుగురు వీరుల జట్టు కథలు, ఎవరో మళ్ళీ అచ్చు వేశారట. అన్నీ కలిపి ఒకే లావుపాటి పుస్తకం. అట్ట మీది బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. మనిషి మొహం మరిచిపోతానేమో గాని అచ్చయిన బొమ్మని మరిచిపోను. నేను మురిసిపోతూ ఉంటే, పిల్ల కింద జనం రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టింది. మాటలు మరీ ఎక్కువట. రంగులు చుక్కలు చుక్కలుగా ఉన్నాయట. జట్టులో ఉన్న ఒక్క ఆడమనిషీ ఊరికే స్పృహ తప్పుతుందట. చివరికి పిల్ల కూడా వాళ్ళలో చేరిపోయి, "ఇప్పుడు చదవదగ్గదేనా అమ్మమ్మా? కొనమంటావా, మానీమంటావా?" అంది.

చదవదగ్గదేనా అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని నేను. నాకు పట్టా లేదు. కాని శ్రీకాకుళం గ్రంథాలయంలో నేను తాళం తీయించని బీరువా లేదు. పురాణాల దగ్గర్నుంచి పురుగుమందుల వాడకం దాకా ఏది దొరికితే అది చదివాను. ఆకలితో చదివేవాళ్ళు ఎంచుకోరు. ఫలానాది చదవదగ్గదా అని అడిగేవాళ్ళు కడుపు నిండినవాళ్ళని నా అనుమానం. ఆ మాటే పిల్లతో అన్నాను. అది నవ్వి, "కోపం తర్వాత, ముందు కథ చెప్పు" అంది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కోపం కూడా కలిపే రాస్తున్నాను.

అరవైల చివరి రోజులవి. మాది శ్రీకాకుళానికి తూర్పున సముద్రపొడ్డు పేట. మా అమ్మ తమ్ముడు విశాఖపట్నం ఓడరేవులో కలాసీ. ఏదో విదేశీ ఓడలో పనివాడు చదివి పారేయబోయిన పుస్తకాల కట్టని, ఎండుచేపలు చుట్టడానికి పనికొస్తాయని ఆయన అక్కకి తెచ్చిచ్చాడు. అమ్మ మొదటి పుస్తకం చింపబోతుండగా నేను కట్ట మీద పడుకున్నాను. నిజంగానే బోర్లా పడుకున్నాను. వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి, కట్ట మాత్రం దక్కింది. పల్చటి కాగితం, కిరసనాయిలు కలిసిన వాసన, పసుపూ ఎరుపూ నీలమూ. మాటలన్నీ ఇంగ్లీషు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఏడో తరగతి వాచకంలో ఆవు గురించిన పాఠం వరకే.

పక్కనున్న పెద్ద ఊళ్ళో ఒక గది గ్రంథాలయం ఉండేది. అక్కడ అట్ట ఊడిపోయిన నిఘంటువు ఒకటుంది. బల్ల దగ్గర కూర్చుని చూసుకోవాల్సిందే, ఇంటికివ్వరు. నేను బొమ్మల పుస్తకం పావడా మడతలో దాచి తీసుకెళ్ళి, తెలియని మాటలకి అర్థాలు వెతికి, పెన్సిలుతో మోచేతి మీద రాసుకునేదాన్ని. తిరిగి నడిచొచ్చేసరికి చెమటకి సగం అర్థాలు కారిపోయేవి. మిగిలిన సగంతో కథ అల్లుకునేదాన్ని. ఒకరోజు గ్రంథాలయం చూసుకునే ఆయన కంటపడ్డాను. చెడ్డవాడు కాదు, పంచె నలగకుండా కూర్చునే మనిషి. పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, తడిసిన పిల్లిని ఎత్తినట్టు ఎత్తి, "ఇదేనా చదవడం? ఇన్ని మంచి పుస్తకాలుండగా ఈ బొమ్మల కాగితాలా? ఇవి చదవదగ్గవి కావమ్మాయ్" అన్నాడు. అదీ నేను ఆ మాట మొదటిసారి విన్న రోజు. మర్నాడు కూడా అదే పుస్తకంతో వెళ్ళి అదే బల్ల దగ్గర కూర్చున్నాను. ఈసారి పావడా మడతలో దాచలేదు.

మా నాయన గురించి చెప్పకపోతే మీకు కథ అందదు. మా పేటలో పెద్దవల ఒకటుండేది. పడవ మీద దాన్ని సముద్రంలోకి తీసుకెళ్ళి, అర్ధచంద్రంలా దించి, రెండు కొసల తాళ్ళని ఒడ్డు మీద నుంచి జట్టంతా లాగేది. ఒకసారి అలా లాగుతుంటే తాడు మా నాయన కుడి మణికట్టుకి మెలిపడింది. తర్వాత ఆ పిడికిలి బిగుసుకోలేదు. తాడు పట్టలేని నాయన ఇసుకదిబ్బ ఎక్కి నిలబడడం మొదలుపెట్టాడు. నీళ్ళ రంగు ఎక్కడ మారిందో, పక్షులు ఎక్కడ మునుగుతున్నాయో చూసి, పడవలోవాళ్ళకి తువ్వాలు ఊపేవాడు. కవళ్ళ చేపల గుంపు ఎటు పోతే తువ్వాలు అటు ఊగేది. వల అక్కడే దిగేది. కాని పేటలో కట్టుబాటు ఒకటుంది. తాడు ముట్టినోడికే వాటా. వలకి వాటా, పడవకి వాటా, తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా. తువ్వాలుకి లేదు.

వలపెద్ద మా మేనత్త భర్త, అంటే మా మావ. కొన్నాళ్ళు బంధుత్వం కొద్దీ నాయనకి గంపెడు చేపలు పంపించాడు. జట్టులో వాళ్ళు గొణిగారు. "నిలబడి సూడ్డానికి వాటా ఏటి? అలగైతే కాకులక్కూడా ఎయ్యాల" అని ఒకడంటే, మిగిలినవాళ్ళు నవ్వారు. నాయన విన్నాడు. చేపల కాలం మొదలయ్యేముందు వలపెద్ద జట్టు మనుషుల్ని పిలిచి చెప్పే ఆనవాయితీ. ఆ ఏడు నాయన్ని పిలవడని పేటంతా అనుకున్నారు. పిలవకపోతే నేను ఎండుచేపల గంప నెత్తికెత్తుకుని శ్రీకాకుళం సంతకి నడవాలి. నిఘంటువూ, మోచేతి మీద రాతలూ అంతటితో సరి.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు తాటాకు పాక నీడలో వల పరుచుకుని జట్టంతా చిరుగులు అల్లేవాళ్ళు. చేతులకి పని, చెవులు ఖాళీ. అంతకుముందు నేను పాత వార్తాపత్రికలు చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు ఈ బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టాను. అయిదుగురు వీరులు. ఒకడు కొండ ఎత్తుతాడు, ఒకడు సముద్రం అడుగున నడుస్తాడు, ఒకడు గోడల్లోంచి పోతాడు, ఒకామె చెయ్యెత్తి గాలిని ఆపుతుంది. అయిదోవాడు ముసలివాడు. దెబ్బలాడలేడు. ఎత్తైన గోపురం మీద నిలబడి దూరం చూస్తాడు, అంతే. మా వాళ్ళు దీన్ని వీరుల కథగా వినలేదు. వలజట్టు కథగా విన్నారు. కొండ ఎత్తేవాడు వలపెద్ద, నీళ్ళలో నడిచేవాడు పడవవాడు. ఊరు గట్టెక్కిందని నేను పుస్తకం మూయగానే మావ అడిగాడు.

"మరి వాటాలెలాగేసుకున్నారో సెప్పవేటే గుంటా?"

"వాటాలు లేవు మావా. ఊరుని కాపాడి ఎలిపోనారు."

"ఒట్టి సేతుల్తోనా? ఎర్రి మొహాలు! రేపట్నుంచి ఆళ్ళకి జట్టు నిలస్తాదేటి?"

ఇక లాభం లేదని ప్రతి కథ చివరా వాటాలు వాళ్ళే పంచుకునేవాళ్ళు. కొండ ఎత్తినవాడికి ఒకటిన్నర. గోడల్లోంచి పోయేవాడికి ముప్పావు, వాడి మీద దొంగబుద్ధి అనుమానం. గాలిని ఆపే ఆమె దగ్గరకొచ్చేసరికి మా మేనత్త కలగజేసుకునేది. ఆమె కాస్త దూరంలో చేపలు ఎండేస్తూ అంతా వినేది. "గాలిని ఆపీగల మడిసి పొగకి సోలిపోవడమేటే? ఆ రాసినోడు ఆడోళ్ళ పని ఎప్పుడేనా సూసినాడేటి? ఆయమ్మకి నిండు వాటా ఎయ్యండి, రాసినోడికి కోసీండి" అంది. ఇప్పటివాళ్ళు ఫోనులో రాసుకుంటున్న విమర్శ మా మేనత్త ఆనాడే చేసింది. చేసి, తర్వాతి కథ కోసం మర్నాడు చేపల తట్ట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

గోపురం మీది ముసలివాడికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ముట్టలేదు కాబట్టి లేదు. ఆ మాట అన్న ప్రతిసారీ పాక అవతల దిబ్బ మీద నాయన వీపు కనిపించేది నాకు.

కట్ట అడుగున ఒక సంచిక ఉంది. వరసలో అది చాలా వెనక రావాలి. నేను దాన్ని ముందుకు తెచ్చాను. జట్టు కట్టే రోజు దగ్గరపడుతోంది మరి. ఆ కథలో కొండ ఎత్తేవాడికి గర్వం పెరిగి, ఈ ముసలాడు మనకెందుకని గోపురం మీంచి దింపేస్తాడు. పొగమంచులో శత్రువు వెనక నుంచి వస్తాడు. చెప్పేవాడు లేడు. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు వలలో చేపల్లా పట్టుబడతారు. నేను కావాలనే నెమ్మదిగా చదివాను. పట్టుబడిన చోటికొచ్చేసరికి మావ అల్లిక కర్ర ఇసకలో గుచ్చి లేచి నిలబడ్డాడు.

"ఆడ్ని దించీసినోడికి మతుండాలా అక్కర్లేదా? కళ్ళు పీకీసుకొని యుద్దానికెల్తారేటి ఎవులైనా?"

మేనత్త చేపల మీద నుంచి తలెత్తింది. "ఏటి బావా అంటన్నావు? మళ్ళీ సెప్పు. దిబ్బ మీదున్న మా తమ్ముడికీ ఇనపడాల."

పాకలో అల్లిక ఆగిపోయింది. కాకుల మాట అన్నవాడు వల మీదికి వంగి లేని చిరుగు వెతుక్కుంటున్నాడు. మావ మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగి, "నాకు అచ్చరాలు రావని నువ్వల్లి సెప్తన్నావేటే?" అన్నాడు.

నేను పుస్తకం తిప్పి ఆయన చేతిలో పెట్టాను. "సూడు మావా. బొమ్మలో ఉన్నాది."

గ్రంథాలయం బల్ల దగ్గర నాకు తట్టని జవాబు నాకు అక్కడ దొరికింది. అక్షరాల పుస్తకమైతే మావ నా మాటే నమ్మాలి, లేదా నమ్మకపోవాలి. బొమ్మకి నా సాక్ష్యం అక్కర్లేదు. ఖాళీ గోపురం ఉంది. కింద పొగమంచు ఉంది. మంచులోంచి వస్తున్న చేతులున్నాయి. ఉప్పు తేలిన వేలితో మావ ఒక్కో గడీ తడుముతూ తనంతట తానే చదివాడు. జీవితంలో ఆయన చదివిన మొదటి పుస్తకం అదే. జట్టులో మిగిలినవాళ్ళూ ఆయన భుజం మీద నుంచి తొంగిచూశారు.

మావ ఆ బొమ్మ మీద వేలు ఉంచే, "ఇందల వాటా మాట రాసినారేటి?" అన్నాడు.

"రాయలేదు మావా. వాటా ఎయ్యాల్సినోడు వలపెద్ద."

ఆయన పుస్తకం నా ఒళ్ళో పడేసి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ సంతకి నాకో గంప సిద్ధం చేసింది కూడా. జట్టు కట్టే రోజు పొద్దున్న మావ ఒక్కొక్కరినీ పిలిచాడు. నాయన్ని పిలవలేదు. అందరూ తాళ్ళ దగ్గరికి కదిలాక, మావ పాత తాడు కొసని కత్తితో మూరెడు కోసి, దిబ్బ ఎక్కి, నాయన ఎడమ చేతిలో పెట్టి పిడికిలి మూశాడు. కిందికి తిరిగి, జట్టంతటికీ వినపడేలా అరిచాడు. "సూసినారు గదా, బామ్మర్ది తాడు ముట్టినాడు. ఇంకెవుడేనా కాకుల మాటెత్తితే ఆడి వాటా కాకులకే!"

కట్టుబాటు కట్టుబాటుగానే ఉంది. దిబ్బ మీది మనిషికి వాటా వచ్చింది. నాయన బతికినన్నాళ్ళూ కుడి భుజం మీద తువ్వాలు, ఎడమ చేతిలో మూరెడు తాడుతో దిబ్బ ఎక్కాడు. నేను గంప ఎత్తలేదు.

ఆ కట్ట ఉప్పుగాలికి పొడిపొడిగా రాలిపోయింది. తర్వాత నేను ఎన్నో గొప్ప పుస్తకాలు చదివాను, వాటి గొప్పతనం నాకు తెలుసు. ఏ గొప్ప పుస్తకాన్నీ ఈ బొమ్మల పుస్తకం పక్కన పెట్టి తూచను, ఎవరినీ తూచనివ్వను. మాటలు ఎక్కువా? ఎక్కువే. రంగులు చుక్కలా? చుక్కలే. గాలిని ఆపే ఆమెకి అన్యాయం జరిగిందా? జరిగింది, మా మేనత్తని అడగండి. అయినా చదవండి. చదువుతూ పోట్లాడండి. మేం చేసింది అదే.

"కొను" అన్నాను మనవరాలితో. "వచ్చాక మొదట ఖాళీ గోపురం బొమ్మ ఉందో లేదో చూసి చెప్పు."

"అంత పాతది అమ్మమ్మా, ఇక్కడ్నుంచి చూస్తే నీకే అంత పెద్దగా కనబడుతోందేమో" అంది అది, ఆటపట్టిస్తూ.

కనబడుతుంది మరి. నేను దిబ్బ మీద నిలబడ్డవాడి కూతుర్ని. దూరమైపోయినంత మాత్రాన ఏదీ చిన్నదైపోదని, ఏళ్ళు కూడా నీళ్ళలాంటివేనని, వాటిమీద ఎక్కడ రంగు మారిందో చూడడం వస్తే చాలని నాకు నేర్పినవాడు ఆయనే.