మట్ట చివర గెల

డ్రాయింగ్ టీచర్ ట్రైనింగ్ ఆఖర్లో, అమలాపురం దగ్గర ఓ హైస్కూల్లో ఏడో తరగతికి పరీక్ష పాఠం చెప్పాలి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. వెనక బెంచీలో పరీక్షాధికారి గారు కూర్చున్నారు. బోర్డు మీద కొబ్బరిచెట్టు వేశాను. పుట్టి పెరిగింది ఆ చెట్ల కిందే అయినా, కాయ నెత్తిన పడుతుందన్న భయంతో పరిగెత్తడమే తప్ప ఏనాడూ తలెత్తి చూసినవాణ్ణి కాదు. మట్టల చివర్లకు గెలలు వేలాడదీశాను.

క్లాసంతా గొల్లుమంది. ముందు వరసలో ఓ పాప లేచింది.

"గెల మట్ట మొదట్లో ఉంటదండి. మా నాన్న చెట్లెక్కి కాయలు దింపు తీస్తారండి. మీ చెట్టెక్కితే పడిపోతారండి సార్!"

వెనక బెంచీ వైపు ఓసారి చూసి, సుద్దముక్క తన చేతికిచ్చాను. "నువ్వే వేసి చూపించమ్మా."

తను గెలల్ని చెరిపి సరైన చోట వేసింది. పిల్లలంతా అది చూసి వేసుకున్నారు. నేను డస్టరు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

గంట కొట్టాక పరీక్షాధికారి గారు పిలిచారు. "పాఠం ఎవరు చెప్పేరండి?"

"ఆ పాపేనండి," అన్నాను, ఎలాగూ పోయింది కదా అని.

"ఆయ్. చెప్పించింది మీరే కదండి," అని పాస్ మార్కులు వేసేశారు.

ఇప్పుడు నేనూ డ్రాయింగ్ మాస్టారినే. ఏ బొమ్మకైనా ముందు, దాని సంగతి తెలిసినవాళ్లు క్లాసులో ఎవరని అడుగుతాను. అందరూ వినయం అనుకుంటారు. కాదండీ, భయం.