నరకం కోటకి కాపలా ఎరుకమ్మ

మా దీవిలో, జంగ్లీఘాట్‌ రేవులో ఎరుకమ్మ చేపల కేక వేస్తే అవతలి పేట హాడోలో వినబడుతుందని మా వేళాకోళం. ఆ గొంతు మూలంగానే మా చర్చి ఈస్టరు నాటకంలో ఏటా ఆమెది దయ్యం వేషం. మనోహర్ మాస్టారు పాత క్రైస్తవ కావ్యాల్లోంచి అల్లిన నాటకమది. పాతాళంలో ఎర్రగా కాలే ఇనప గోడల నగరం. లోపల పాపుల ఆత్మలు ఏడుస్తుంటే కాపలా దయ్యం కోట తలుపు మూసి గడియ పెట్టాలి. ఆనక దేవదూత వచ్చి వేలితో తాకితే అది తెరుచుకోవాలి.

పోయినేడు ఆమె భర్త గోవిందు పోయాడు. ఆయన ఏనాడూ చర్చి గడప తొక్కలేదు. ఆదివారం భార్యను గుమ్మం దాకా దింపి, తన చేపల పడవ డోంగీకి నీలం రంగు వేసుకోవడానికి రేవుకి పోయేవాడు. బాప్తిస్మం లేని మనిషి ఇప్పుడెక్కడ ఉన్నట్టని ఎరుకమ్మ పాస్టరుగారిని అడిగింది. దేవుడికి వదిలెయ్యమన్నాడాయన. వదిలెయ్యడం నోటితో చెప్పినంత తేలికా? మనిషి సగమైపోయింది. ఈసారి వేషం వద్దంటే, ఆ గొంతు ఇంకెవరికుందని మేమే బతిమాలి ఒప్పించాం.

ఆత్మల వేషాలకు చర్చి పెట్టెలో జనం వేసిన పాత చొక్కాలే వాడతాం. గోవిందు బట్టలూ ఆ పెట్టెలోకే వచ్చాయి. అవి ఆమె కంటబడొచ్చన్న ఆలోచన ఒక్కరికీ తట్టలేదు, మా బుద్ధి తెల్లారినట్టే ఉంది.

నాటకం రోజున, ఆటో నడిపే మా బాబ్జీ పాపి ఆత్మ వేషంలో అట్టల కోటలో ఇటు వీపు పెట్టి మోకరించాడు. తలుపు మూయబోతూ ఎరుకమ్మ ఆగిపోయింది. అతని చొక్కా భుజం మీద డోంగీ నీలం రంగు మరక ఉంది.

తలుపు ముయ్యమని మాస్టారు తెర వెనక నుంచి గొణుగుతున్నాడు. ఆమె శూలం కింద పెట్టి లోపలికి వెళ్లి, ఆ మరక మీద చెయ్యి వేసింది.

“ఇక్కడున్నావేటయ్యా? చలో, ఇంటికెల్దుం” అంది. ఆ గొంతు అంత మెత్తగా పలకగలదని మాకెవరికీ తెలీదు.

బాబ్జీ బంగారం లాంటివాడు. ముఖం చూపించకుండా తల వంచుకుని ఆమె వెంట బయటికి నడిచాడు. దేవదూత రెక్కలు కట్టుకున్న హరిత ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆనక మాస్టారు ఆమె పక్కన కూర్చుని, తలుపు తెరవాల్సింది దేవదూత కదా దీదీ అని మెల్లిగా అడిగాడు.

“నాను గయ్యాళిదాన్ని మాస్టారూ. నానే గడియెయ్యనేకపోనాను. దేవుడేత్తాడేటి?”