పడమటి గదికి తాళం

నల్లగొండలో కచేరీ వెనుక వీధిని నిజాం జమానాలో తాడు పట్టి కట్టారు. ఉద్యోగస్తుల ఇళ్లన్నీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉండేవి. వీధివైపు గోడలకు కిటికీలు లేవు. ముందు వాకిలి మగవాళ్లకు, వెనుక సందులోకి తెరుచుకునే చిన్న తలుపు ఆడవాళ్లకు. ఘోషా పాటించే ఇల్లాలు ఎవరి కంటా పడకుండా ఆ సందు వెంట వీధి చివరిదాకా పోయి రావచ్చు. ఎంత ఆలోచించి కట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాకు అది ఉత్త ఇరుకు సందు.

మాది నకిరేకల్ దగ్గరి పల్లె. రజాకార్ల భయం పోయిందనుకుంటే, కమ్యూనిస్టు దళాల కోసం మిలటరీ ఊరిమీద పడింది. ఎవరికి అన్నం పెట్టినా తప్పే అయింది. బాపు మమ్మల్నీ బర్రెనూ వెంటబెట్టుకుని నల్లగొండ చేరాడు. పోలీసు చర్య నాటి గడబిడలో పట్నం పారిపోయిన ఒక కచేరీ ఉద్యోగి ఇల్లు తక్కువ కిరాయికి దొరికింది. ఊరి నుంచి చుట్టాలొస్తే బాపు స్తంభాలు తట్టి చూపించేవాడు, తానే దగ్గరుండి కట్టించినట్టు.

వెనుక తలుపుకు అడ్డంగా జొన్నచొప్ప పేర్చాం. పడమటి గది చల్లగా ఉంటుందని బర్రెను అందులో కట్టాం. ఆ గది గోడలో కమానులా ఒక గూడు ఉంది. తవుడు కుండకు భలే కుదిరిందని అమ్మ మురిసిపోయింది. అది నమాజు గది అని తెలియదనే ఇన్నేళ్లూ చెప్పుకున్నాం. గూడు పైన పచ్చరంగు అక్షరాలుండేవి. వాటిమీద సున్నం పూసింది అమ్మే. తెలియకపోతే ఎందుకు పూస్తుంది?

ఒకరోజు పొద్దు వాలుతుండగా వెనుక తలుపు ఎవరో తట్టారు. చొప్ప అడ్డం.

"ముందటి దర్వాజకు రాండ్రి!" అని అమ్మ కేకేసింది.

కాసేపటికి బురఖాలో ఒక ముసలమ్మ వీధంతా చుట్టి ముందు వాకిట్లోకి వచ్చింది. ఆ ఇంట్లోకి ఆమె ఆ వాకిలి నుంచి రావడం అదే మొదటిసారి కావచ్చు.

"భయపడకు బిడ్డా, ఇల్లు అడగనీకి రాలే," అన్నది. "నేను గీ ఇంటిదాన్నే. అసర్ వేళయింది. నా పడమటి గదిల ఒక్కపారి నమాజ్ చేసుకొని పోత."

అమ్మ పడమటి గది వైపు చూసింది.

"ఆ గదికి తాళమున్నదమ్మా. చెవి మా ఆయన తీస్కపోయిండు," అన్నది. నేను తల వంచుకున్నాను.

ముసలమ్మ "సరే బిడ్డా," అన్నది. నేను చెంబుతో నీళ్లిచ్చాను. ముసుగెత్తి ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని, వీధి అరుగు మీదే చాదర్ పరుచుకుంది. బతుకంతా గోడల చాటున గడిపిన మనిషి. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఒక చీర అడ్డం పట్టాలని కూడా మాకు తోచలేదు.

ఆమె నుదురు నేలకు ఆనించినప్పుడు లోపల బర్రె అరిచింది. మళ్లీ అరిచింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సిగ్గుతో నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తలుచుకుంటే ఇప్పటికీ అట్లాగే ఉంటుంది.

నమాజు ముగించి ఆమె చాదర్ మడిచింది. అమ్మ వైపు చూడకుండా చెప్పులేసుకుంటూ అన్నది:

"చెవి దొరికినంక బర్రెకు జర నీళ్లు పెట్టు బిడ్డా. దూపయినట్టున్నది."

చీకటి పడకముందే అమ్మ పడమటి గది కడిగింది. చొప్ప తీసి వెనుక తలుపు తెరిచిపెట్టింది. మేం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది తెరిచే ఉంది. ఆ సందు నుంచి మళ్లీ ఎవరూ రాలేదు.