తిరిగివ్వని స్టీలు డబ్బా

మొన్న శనివారం తెల్లవారుతుండగా మా అబ్బాయీ కోడలూ చెరొక వీపు సంచీ తగిలించుకుని ఆదిలాబాద్ అడవుల దిక్కు బయలుదేరారు. వనస్థలిపురం నుంచి ఆటోలో ఎల్బీ నగర్, అక్కడ మొదటి మెట్రో ఎక్కి పెద్ద బస్టాండు, ఆపైన బస్సు. నాలుగు రోజులపాటు కొండలెక్కడం, వాగులు దాటడం, జలపాతాల కింద తడవడం, ఏ ఊళ్లో ఏది వేడిగా దొరికితే అది తినడం, ఇదీ వాళ్ల కార్యక్రమం. గేటు దాకా వెళ్లి సాగనంపి లోపలికి వచ్చేసరికి, దేవుడి పటాల పక్కన మేకుకు కోడలి పుస్తెలతాడు వేలాడుతూ కనిపించింది. ఎక్కడైనా చెట్టుకొమ్మకు తగులుకుని తెగిపోతుందని విప్పి పెట్టిందట, వెళ్తూ వెళ్తూ చెప్పింది. ఆ విషయంలో నోరు తెరిచే హక్కును నేను చాలా ఏళ్ల కిందట, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బతుకమ్మ పండుగనాడు పోగొట్టుకున్నాను.

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు కుళ్లు. అరవై ఎనిమిది దాటాయి, మెట్లు చూస్తేనే మోకాళ్లు మూలుగుతాయి, అయినా ఆ వీపు సంచులు కంటపడితే కడుపులో ఇప్పటికీ సన్నగా మండుతుంది. నా ఈడువాళ్లకు ఈ మంట తెలిసే ఉంటుంది. మనం కొత్తగా కాపురాలు పెట్టిన రోజుల్లో మొగుడూ పెళ్లాం కలిసి ఊరు దాటడమంటే పెళ్లికో, చావుకో, తిరుపతికో తప్ప, ఊరికే తిరగడానికి వెళ్లడం అనే మాట ఎక్కడుంది? అలా వెళ్లేవాళ్లను చూస్తే పదిమందిలో ముక్కున వేలేసుకునేవాళ్లం, ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక కుళ్లుకునేవాళ్లం.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపు వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ఇప్పుడు ఆ గల్లీలో తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులే గాని, అప్పట్లో మా ఓనరమ్మ ఇల్లంటే ఒక పెద్ద వాకిలి, దాని చుట్టూ నాలుగు పోర్షన్లు, అందరికీ కలిపి ఒకే ఒక్క నల్లా. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, వచ్చిన గంటలోపల డ్రమ్ము నింపుకోకపోతే రెండు రోజులు పక్కవాళ్ల దగ్గర బిందె పట్టుకుని నిలబడాల్సిందే. మా పక్క పోర్షన్‌లో పెళ్లయి రెండేళ్లయిన జంట దిగింది. ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తా, ఆమె మూసారాంబాగ్ దగ్గర ఒక బడిలో టీచరు, వరంగల్ దిక్కువాళ్లు. పిల్లలు లేరు. ఆమె నన్ను అక్కా అనేది, నేను చెల్లే అనేదాన్ని, నాకంటే ఆరేడేళ్లు చిన్నదైనా నాకు తెలియనివన్నీ తెలిసినదానిలా కనిపించేది.

బడికి వరుసగా మూడు రోజులు సెలవులొచ్చాయంటే ఆ ఇద్దరూ ఇంట్లో ఉండేవారు కాదు. లారీ మీద కప్పే టార్పాలిన్ గుడ్డతో ఆమె స్వయంగా మిషను మీద కుట్టిన రెండు వీపు సంచులు, కాన్వాసు బూట్లు, ఆమెకు ఆయన పాత చొక్కా, ఇంతే వాళ్ల సరంజామా. అనంతగిరి కొండలన్నారు, నల్లమల అన్నారు, సాగర్ వెనక గుట్టలన్నారు. పోయేముందు తాళంచెవి నా చేతిలో పెట్టి, నల్లా వచ్చినప్పుడు జర తమ డ్రమ్ము కూడా నింపమని అడిగేది. అంటే వాళ్లు జలపాతాల్లో తడిసిన రోజుల్లో నేను వాళ్ల ఇంటికి నీళ్లు మోశానన్నమాట. ఒక విడతకు నా ఇంటి బిందె, ఇంకో విడతకు వాళ్ల ఇంటి బిందె, వెనక మా అత్తగారి సణుగుడు, కొంగు పట్టుకుని ఇద్దరు పిల్లలు.

తిరిగొచ్చినప్పుడు మాత్రం ఉత్త చేతులతో వచ్చేది కాదు. మూత మీద తన పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించిన స్టీలు డబ్బా ఒకటి ఆమెకుండేది, దాంట్లో సీతాఫలాలో, అడవి తేనెలో ముంచిన ఉసిరికాయలో, ఏ పల్లెటూరి హోటల్లోనో పొట్లం కట్టించుకున్న మిరపకాయ బజ్జీలో పెట్టి ఇచ్చేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఆ చల్లారిపోయిన బజ్జీలు కూడా నాకు అమృతంలా ఉండేవి, అందుకూ మళ్లీ మండేది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, గుప్పెడు గరిజెలో, లేకపోతే కనీసం చారెడు చక్కెరో పోసి నేను ఆ డబ్బా వాపసు చేసేదాన్ని. నాలుగేళ్లు ఆ డబ్బా మా రెండు గడపల మధ్య అలా తిరిగింది.

నా కడుపుమంటకు అసలు కారణం చెప్పలేదు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటిల్లిపాదికీ బస్సు పాసు ఉండేది. రాష్ట్రంలో ఏ మూలకైనా నయాపైసా పెట్టకుండా వెళ్లగలిగిన నేను ఇంట్లో కూర్చుంటే, నెలాఖరుకు ఉప్పూ పప్పూ అప్పడిగే ఆ జంట దేశం తిరుగుతోంది. ఒకసారి ఆమె దసరా సెలవులకు ఆదిలాబాద్ వెళ్తున్నామని, పిల్లలను అమ్మమ్మ ఇంట్లో దింపి మీరిద్దరూ కూడా రండని పిలిచింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భయంభయంగా ఆ మాట కదిపాను. మా ఆయన చెడ్డవాడు కాడు, కోప్పడలేదు కూడా.

“దినమంత బస్సుల కింద పండుకునేటోన్ని, సెలవుల గూడ బస్సెక్కాల్నా?” అన్నాడు, మజ్జిగ పోయమన్నాడు.

పాసు బీరువాలో చీరల కిందే ఉండిపోయింది. వాళ్లు సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు బయలుదేరారు, తాళంచెవి మామూలుగానే నా చేతికొచ్చింది.

మరునాడు నల్లా వచ్చింది. వాళ్ల డ్రమ్ము నింపి మూత పెట్టి వచ్చేయాల్సినదాన్ని, ఆగాను. తలుపు వెనక ఆమె పాత బూట్ల జత కనిపించింది. ఎవరూ చూడటం లేదని తెలిసినా మరోసారి వాకిట్లోకి తొంగి చూసి, వాటిలో కాళ్లు పెట్టాను. సరిగ్గా సరిపోయాయి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పదిసార్లు నడిచాను, పదకొండోసారి దేవుడి పటం దగ్గర తిరుగుతుంటే మేకుకు వేలాడుతున్న ఆమె పుస్తెలతాడు కంటపడింది. గుండె ఝల్లుమంది. నిజం చెప్పాలంటే ఆ ఝల్లులో కాస్త సంతోషం కూడా ఉంది. అన్నీ ఉన్న మనిషిలో ఒక తప్పు దొరికింది.

ఆ మర్నాడు సద్దుల బతుకమ్మ. ఓనరమ్మ వాకిట్లో ఆడవాళ్లమంతా గునుగు, తంగేడు, బంతి పూలు కుప్పలు పోసుకుని బతుకమ్మలు పేర్చుతున్నాం. ఇంత పెద్ద పండుగకు పక్క పోర్షన్ టీచరమ్మ లేదేమని ఎవరో అన్నారు. నేను తలెత్తకుండా తంగేడు కాడలు సర్దుతూ, “పుస్తెలే మేకుకు తగిలిచ్చి పోయింది, ఆమెకు బతుకమ్మ ఏంది?” అన్నాను.

ఒక్కటే మాట. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. చీకటి పడి బతుకమ్మలను సాగనంపే వేళకు ఆ మాట నాలుగిళ్లు తిరిగింది, దసరా నాటికి అసలు వాళ్లకు పెళ్లే కాలేదటగా అనే రూపంలో మళ్లీ నా దగ్గరికే వచ్చింది. మా అత్తగారు చెంపలు వాయించుకుంది. అప్పుడైనా కాదని అనొచ్చు. అనలేదు.

వాళ్లు పున్నమి వెళ్లాక ఒక మధ్యాహ్నం దిగారు. ఎండకు కమిలిపోయిన ముఖాలు, సంచుల నిండా మట్టి. తాళంచెవి కోసం వచ్చినావిడ మా గడపమీదే కూలబడి చెప్పడం మొదలుపెట్టింది. కుంటాల జలపాతం దగ్గర మెట్లు లేవట, వేళ్లు పట్టుకుని రాళ్ల మీద నుంచి దిగారట, మీద పడే నీటి చప్పుడుకు పక్కనే ఉన్న ఆయన అరిచినా వినపడలేదట. వాగు దాటుతూ సంచులు నెత్తిన పెట్టుకున్నారట, ఒక గూడెంలో బడి వరండాలో పడుకుంటే పొద్దున్నే ఎవరో ముసలమ్మ జొన్న రొట్టె, పచ్చి మిరపకాయల కారం తెచ్చి పెట్టి, తినేదాకా కదలలేదట. ఇంత చెబుతూ డబ్బా మూత తీసింది. ఇప్పపువ్వు లడ్లు. ఆ ముసలమ్మ దగ్గరే కూర్చుని చేయడం నేర్చుకుందట.

నేను లడ్లు చూడటం లేదు, ఆమె మెడ చూస్తున్నాను. చొక్కా కాలరు లోపలంతా పసుపు మరక. చెమటకు తడిసి నల్లబడిన పసుపుతాడు, దానికి కట్టిన పసుపుకొమ్ము. నా చూపు గమనించి నవ్వింది. పోయినసారి నల్లమలలో తాడు ముళ్లకంపకు తగులుకుని పుస్తె ఒకటి ఊడిపోతే గంటసేపు గడ్డిలో వెతికారట, అందుకని వాళ్ల అమ్మే బంగారం ఇంట్లో పెట్టి పసుపుకొమ్ము కట్టుకుని పొమ్మందట. మన ఆడవాళ్లలో ఏనాటినుంచో ఉన్న పద్ధతే. నాకు మాత్రం ఆ మేకు దగ్గర అది గుర్తుకు రాలేదు, రానివ్వలేదనాలి.

సాయంత్రానికి ఓనరమ్మ ఆ ఇద్దరినీ వాకిట్లోకి పిలిపించింది. ఒకటో తారీఖుకల్లా ఇల్లు ఖాళీ చేయమంది. కారణం అడిగితే ఊరంతా అనుకుంటున్నదే, మేకుకు తగిలించిన పుస్తెల సంగతితో సహా చెప్పింది. టీచరమ్మ తెల్లబోయి, మెడలోని పసుపుతాడు బయటికి తీసి చూపించింది. ఓనరమ్మ నమ్మలేదు, మాట బయటపడ్డాక ఇప్పుడు కట్టుకుని వచ్చావంది. ఆమె అప్పుడు నా వైపు తిరిగింది, వచ్చీరాగానే మీ గడపమీదే కూర్చున్నాను కదా, మీరు చూశారు కదా అంది. అందరూ నన్నే చూశారు. ఓనరమ్మ అడిగింది, “నువ్వు జూసినవా?”

“నేను సరిగ చూడలే,” అన్నాను.

భయంతో అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయం కొంత ఉంది, చాడీ చెప్పింది నేనేనని ఆమె ముందు తేలిపోతుందని. కానీ ఆ క్షణాన నా మనసులో మెదిలింది వేరే. వీళ్లు పోతే ఇక ఆ సంచులు చూడక్కర్లేదు, సెలవులొచ్చిన ప్రతిసారీ నా బతుకును నేను కొలుచుకోనక్కర్లేదు అనిపించింది. అంత కుళ్లు నాది. వాళ్లాయన పెళ్లి ఫొటో తేవడానికి లోపలికి వెళ్లబోతే ఆమే చెయ్యి పట్టుకుని ఆపింది, ఫొటో చూపించి ఉండాల్సిన ఇల్లు మనకు వద్దంది.

ఆ ఆదివారమే ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. తలుపు లోపలి మేకు తాళంచెవి చేతిలో ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికి కనిపిస్తుంది? ఆమెకు తెలిసిపోయింది. డబ్బా మా వంటింట్లోనే ఉంది, పిల్లలు లడ్లు తినేశారు, రెండు నేనూ తిన్నాను, ఏడుపొచ్చేంత బాగున్నాయి. ఖాళీ డబ్బా ఇవ్వలేను, దాంట్లో ఏం పెట్టి ఇవ్వాలో చేతకావడం లేదు, చక్కెర డబ్బా మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాను. ఆమే మా గడప దాకా వచ్చింది, లోపలికి రాలేదు.

“డ్రమ్ము నిండ ఉన్నది అక్కా, నువ్వు మోసిన నీళ్లే. వాడుకో,” అంది, ఆటో ఎక్కింది.

ఆ నీళ్లు నేను ముట్టలేదు. రెండు రోజుల తర్వాత ఓనరమ్మ వాటితో వాకిలి కడిగించింది. తర్వాత మేం వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నాం, మా ఆయన రిటైరయ్యాడు, పాసు గడువు తీరింది, ఇప్పుడు ఆడవాళ్లందరికీ బస్సు ఉచితమే అయినా నేను దిల్‌సుఖ్‌నగర్ కూరగాయల మార్కెట్టు దాటి ఎక్కడికీ వెళ్లను. ఆ గల్లీకి ఒకటి రెండుసార్లు వెళ్లాను, ఓనరమ్మ లేదు, వాకిలి లేదు, వాళ్లు ఎక్కడికి వెళ్లారో చెప్పే మనిషి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

శనివారం నాటి సంగతి ఒకటి చెప్పకుండా దాచాను. ముందురోజంతా కూర్చుని మురుకులు చేశాను. పొద్దున్నే అటక మీది ఆ డబ్బా దింపి, చింతపండుతో తళతళలాడేలా తోమి, నిండా మురుకులు పోసి కోడలి చేతికిచ్చాను. మళ్లీ కుంటాల వైపు వెళ్తున్న డబ్బా అది, ఇన్నేళ్లకైనా నిండుగా వెళ్లనీ అనుకున్నాను. కోడలు మూత మీది చుక్కల అక్షరాలు వేలితో తడిమి, ఈ పేరు ఎవరిదని అడిగింది. మా చెల్లెది అన్నాను. నాకు చెల్లెళ్లు లేరని ఆ పిల్లకు తెలుసు, అయినా తరచి అడగలేదు, ఇప్పటి పిల్లలకు మన పాత లెక్కలు విప్పే తీరిక ఎక్కడిది!

ఇప్పుడు తాళాలు పక్కింటివాళ్లకు ఇచ్చేవాళ్లు లేరు, ట్యాంకులో నీళ్లు వాటంతటవే నిండుతున్నాయి, మేకుకు ఏం వేలాడినా ఇల్లు ఖాళీ చేయమనేవాళ్లు లేరు. మంచి రోజులే, నాకు కుళ్లు పుట్టించేంత మంచి రోజులు. ఆ పొద్దున కోడలు సంచీ ఒకసారి ఎత్తి చూసుకుంది, డబ్బా చాలా బరువుంది అత్తమ్మా అంటూ మురుకులన్నీ జిప్పున్న ప్లాస్టిక్ కవరులోకి వంపుకుంది. ఒకరి గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ఆ పిల్లకు ఎవరు చెప్పారు గనక, నేనే చెప్పలేదు. ఖాళీ డబ్బాకు మూత బిగించి, నవ్వుతూ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.