ఫోన్లు డిక్కీలో, మేం జలపాతం మీద

ప్రతి శుక్రవారం అన్నం మాని ఉపవాసం ఉండగలిగే మా ఆయన, ఫోన్ మాని ఒక్క పూట ఉండలేరు. పరాయి దేశంలో వీసా మీద ఉంటున్నాం కదా, వీసా వార్తలంటే అంత పిచ్చి. అన్నం కలుపుతూ చూస్తారు, చూసి ముఖం వేలాడేసుకుంటారు. సోషల్ మీడియాలో అకౌంట్ కావాలని ప్రాణం తీస్తున్న మా పదమూడేళ్ల గ్రేస్ ఇది బాగా కనిపెట్టింది. "డాడీ ఒక డే మొత్తం ఫోన్ టచ్ చేయకపోతే వన్ ఇయర్ దాకా అడగను. టచ్ చేస్తే ఈవెనింగే అకౌంట్ ఓపెన్ చేయాలి" అని పందెం కాసింది. ఆయనేమో మీసం మీద చెయ్యేసి "సరే" అనేశారు. ఇంట్లో కూర్చుంటే ఓటమి ఖాయమని నేనే అమికలోలా జలపాతానికి ప్రయాణం కట్టించాను.

శనివారం ఉదయం ఎనిమిదికి మేముండే ఊరు కమ్మింగ్‌లో బయలుదేరాం. మూడు ఫోన్లూ డిక్కీలో, పులిహోర డబ్బా కింద. మ్యాప్ లేకుండా పాలకి కూడా వెళ్లని మనుషులం కదా, దారి కాగితం మీద రాసుకున్నాను: 400 నంబరు హైవే మీద ఉత్తరంగా డాసన్‌విల్ దాకా, అక్కడ 53వ నంబరు రోడ్డు, తర్వాత 183, చివర 52. గంట ప్రయాణం. మేం మాత్రం కబుర్లలో పడి మలుపు దాటేసి, రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశెనగకాయలు అమ్మే ఆవిడ దగ్గర ఆగాం.

"వెనక్కెళ్లి, తెల్ల చర్చి దగ్గర కుడివైపు తిరగండి. మీ ఫోన్ పనిచేయడం లేదా?" అంది.

"చేస్తోందండీ, ఈ రోజు దానికి సెలవు" అన్నారు మా ఆయన. ఆవిడ పకపకా నవ్వి గుప్పెడు కాయలు ఎక్కువే పోసింది.

పార్కింగ్‌కి ఐదు డాలర్లు. కింది నుంచి పైకి ఆరొందల పైచిలుకు మెట్లు. ఆయాసంతో పైకి చేరేసరికి, మా తెలుగు విని, మా దగ్గర్లోని అల్ఫారెట్టా ఊరి నుంచి వచ్చిన ఒక కుర్ర జంట పలకరించింది. "అంకుల్, ఒక్క ఫోటో తీస్తారా?" అంటూ ఆ అబ్బాయి తన ఫోన్ మా ఆయన చేతిలో పెట్టేశాడు. నేను "ఏమండీ!" అనేలోపే అయిపోయింది.

"డాడీ ఫోన్ టచ్ చేశాడు! నేను విన్!" అని గ్రేస్ గంతులేసింది. సరిగ్గా అప్పుడే తెర మీద ఏదో వార్త దిగింది. వీసా అన్న మాట పక్కనున్న నాకూ గ్రేస్‌కీ కనిపించింది. ఆయన ముఖం మారిపోయింది. దేవా, ఈ ఒక్కసారికి కాపాడు అనుకున్నాను. ఆయన బొటనవేలితో ఆ వార్తను పక్కకు తోసేసి, ఫోటో తీసి, "బాగా వచ్చింది, చూసుకోండి" అని ఫోన్ తిరిగిచ్చేశారు.

గ్రేస్ గంతులు ఆగాయి. "డాడీ, అది వీసా న్యూస్ కదా? చదవలేదా?"

"లేదమ్మా."

"అస్సలు?"

"అస్సలు."

అది కాసేపు వాళ్ల నాన్న ముఖంలోకి చూసి, "టచ్ చేశావ్, కానీ చదవలేదు. నువ్వే విన్ డాడీ" అంది. ఆనందం పట్టలేక ఇద్దరినీ కావలించుకున్నాను. కిందికి దిగుతుంటే మోకాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

ఆ వార్తను ఆయన మర్నాడు కాఫీ తాగాకే చూశారు. మాకు సంబంధించింది కానే కాదు. అయినా ఒక్క రోజు ఆలస్యంగా తెలిస్తే కొంపేమీ మునగదని ఆయనకు అర్థమైంది, అదే నాకు పదివేలు. ఇప్పుడు మా ఇంట్లో భోజనాల వేళ ఫోన్లు సొరుగులో ఉంటాయి, తాళం గ్రేస్ దగ్గర ఉంటుంది.

మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క మాట: పక్కవాళ్ల ఫోన్‌తో ఫోటో తీయొచ్చో లేదో పందేనికి ముందే తేల్చుకోండి. అందరి పిల్లలూ మా గ్రేస్‌లా న్యాయం చెప్పరు!