బాబాకు నేను చెప్పని కబురు

మోసి మోసి అలిసిపోయాను. ధైర్యం వచ్చి చెప్పడం లేదు, ఇక మోయలేక చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేను మీకు తెలియను. అదే నాకు ఆసరా. తెలిసినవాళ్ళకు చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మళ్ళీ మింగేశాను.

మాది రాయచోటి దగ్గర ఒక పల్లె. కువైట్‌లో జాబ్రియా అనే పేటలో ఒక గ్రీకు ఆయన ఇంట్లో పనికి కుదిరి ఏళ్ళు గడిచాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఇక్కడి పద్ధతిలో ఇంటాయనను బాబా అంటాను, ఇంటావిడను మామా అంటాను. బాబా కుర్రతనంలోనే కువైట్ వచ్చాడట. వఫ్రా తోటల్లో, ఆ ఇసుకలో, ప్లాస్టిక్ పందిళ్ళ కింద టమాటాలు, దోసకాయలు పండించడం ఆయన పని. ఇక్కడ నర్సుగా ఉన్న లెబనాన్ అమ్మాయిని పెళ్ళాడాడు. ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. వారమంతా తోటలో ఉండి, సెలవుకు ముందు సాయంత్రం చెప్పుల నిండా మట్టితో ఇంటికి వచ్చేవాడు. మనిషి మంచివాడు. అది ముందే చెప్పాలి. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

తల్లి చిన్నప్పుడే పోతే ఆయనను అక్క పెంచింది. వాళ్ళ దేశంలో ఆయనకు మిగిలింది ఆ అక్క, ఒక అన్న. అన్న కొన్నాళ్ళు ఓడల్లో పనిచేశాడు గనక నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చు.

ఒకరోజు మధ్యాహ్నం హాల్లో ఫోన్ మోగింది. మామా డ్యూటీలో ఉంది. బాబా తోట నుంచి ఇంకా రాలేదు, ఆ రోజుల్లో అక్కడ సెల్‌ఫోన్ సరిగ్గా పలికేది కాదు. ఫోన్‌లో ఆ అన్న. అక్కకు బాగాలేదు, ఆసుపత్రిలో ఉంది, వాడి కోసం అడుగుతోంది, వెంటనే బయలుదేరమను అన్నాడు. చెబుతానన్నాను.

ఇక్కడ మావాళ్ళ సంగతి మీకు చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషికి చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. ఒంటరిగా ఉంటారు, తట్టుకోలేరు, ఊరు చేరేదాకా తెలియకూడదు అని. మా నాయన పోయినప్పుడు మా తమ్ముడు ఫోన్ చేసి, "నాయనకు రవ్వంత బాగలేదుక్కా, ఒకతూరి వచ్చి చూసిపో" అన్నాడు. అప్పటికే నాయనను మట్టి చేశారు; సెలవు దొరక్క నేను పోలేకపోయాను. ఈ ఇంట్లో కుదరకముందు ఫర్వానియా గదిలో నాతో ఉన్న మా ఊరి ఆడవాళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప. "ముందు రెండు ముద్దలు తినుమే" అని పక్కన కూర్చుని తినిపించారు. అప్పటి నుంచీ 'బాగలేదు, రా' అంటే నాకు ఒకటే అర్థం.

కాబట్టి ఆ అక్క పోయిందనే అనుకున్నాను. పోయినావిడ దగ్గరికి ఒక పూట ఆలస్యంగా వెళ్తే ఏమవుతుంది, ముందు ఆయనను తిననీ అనుకున్నాను. సాయంత్రం బాబా వచ్చాడు. స్నానం చేశాడు. పెట్టింది తిన్నాడు. చిన్నదాన్ని భుజాన వేసుకుని హాల్లో తిప్పుతూ ఏదో పాట పాడాడు. నేను చెప్పలేదు.

ఇంతవరకే అయితే తప్పు మావాళ్ళ అలవాటు మీదికి నెట్టేయవచ్చు. చాలా ఏళ్ళు నెట్టాను కూడా. కానీ అలవాటే కారణమైతే తెల్లారి చెప్పేదాన్ని కదా? ఆ మర్నాడు ఎందుకు చెప్పలేదు? నిజం ఏమిటంటే ఆ వారంలోనే నాకు విమానం. కువైట్ వచ్చాక మొదటి సెలవు. పాలు మాన్పించి మా చెల్లెలి చేతిలో పెట్టి వచ్చిన నా కూతురు అప్పటికి బడికి వెళ్తోంది, ఫోన్‌లో నన్ను పిన్నీ అని పిలిచేది. అంతకుముందు ఒకసారి మామాకు కాన్పని నా సెలవు ఆగిపోయింది. ఇప్పుడు బాబా వాళ్ళ దేశం వెళ్తే, మామాకు రాత్రి డ్యూటీలు, ఇక పిల్లల్ని చూసేదెవరు? మళ్ళీ నన్నే ఆపుతారు. ఆ మాట ఎవరూ అనలేదు, అనక్కర్లేదు. ఫోన్ పెట్టేయగానే నాకు ముందు గుర్తొచ్చింది టికెట్టే. అలవాటు దాని వెనకాల తోడు వచ్చింది.

నేను విమానం ఎక్కేశాను. ఆ అక్క బతికే ఉంది. వాళ్ళు బాగాలేదంటే బాగాలేదనే. నేను మా ఊళ్ళో ఉండగా పోయింది. చివరిదాకా తలుపు చప్పుడైతే తల తిప్పి చూసేదట. అన్న ఫోన్ చేసి బాబాను నానా మాటలూ అన్నాడట. మీ పనిమనిషికి కబురు చెప్పాను, అయినా రాలేదు, పరాయి దేశంలో పెళ్ళాం పిల్లలు దొరికాక ఇక అక్కెందుకులే అన్నాడట. ఇదంతా నేను తిరిగి వచ్చాక మామా చెప్పింది.

మర్నాడు బాబా వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన అరబ్బీలో అడిగాడు. నా అరబ్బీలో సగం రాయచోటి ఉంటుంది.

"మా అన్న నీతో మాట్లాడానంటున్నాడు. ఫోన్ వచ్చిందా? మరిచిపోయి ఉంటే చెప్పు, నేనేమీ అనను."

"లా బాబా, లేదు. ఎవురూ చెయ్యలే. నా బిడ్డ మీద ఒట్టు."

"ఖలాస్, ఇక వదిలెయ్," అన్నాడు.

ఒట్టు ఆయన అడగలేదు. నేనే పెట్టాను. ఆ తర్వాత ఊళ్ళో నా కూతురికి ఎప్పుడు జ్వరమని తెలిసినా ఆ ఒట్టే గుర్తొచ్చేది. ఆయన నన్ను నమ్మి, తోడబుట్టినవాణ్ణి నమ్మడం మానేశాడు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు. తేలు కుట్టిన దొంగలా నేను ఆ ఇంట్లోనే వండి వడ్డిస్తూ ఉన్నాను. మొన్న చలికాలంలో ఆ అన్న కూడా పోయాడు. ఇక ఎవరికి చెప్పి ఏం ప్రయోజనం?

ఇప్పుడు బాబాకు పని అయిపోయింది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కూడా ముగుస్తోంది. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. మీ దేశం వెళ్తారా బాబా అని అడిగాను. "అక్కడ నన్ను రమ్మనేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు. మామాతో కలిసి లెబనాన్ వెళ్ళిపోతున్నాడు. ఆ క్షణంలోనైనా చెప్పవలసింది. వంగి అట్టపెట్టెకు టేపు వేశాను.

ఇంకొకటి ఉంది. ఆ సెలవులో నాకు నిద్ర పట్టి ఉండదని, తిన్నది సహించి ఉండదని మీరనుకుంటారేమో. అదేం లేదు. మొదట్లో నా కూతురు దగ్గరికి రాలేదు. ఒక పొద్దున దువ్వెన పట్టుకుని, తనే వచ్చి, జడ వేయమని నా ముందు కూర్చుంది. వేసి, విప్పి, మళ్ళీ వేశాను. అది నవ్వింది. సెలవంతా అలాగే గడిచింది. బాబా నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నా బతుకులో అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. ఆ మాట ఇన్నేళ్ళలో నాకు నేను కూడా చెప్పుకోలేదు.