పాట ఆగాక వచ్చిన తోక

దయ్యాలూ భూతాలూ నా ముందు చెప్పకండి. నేను నమ్మను. చిన్నప్పుడు శ్మశానం పక్క దారిలో ఒంటరిగా పొమ్మంటే ఈల వేసుకుంటూ పోయినదాన్ని. ఇది చదివి ముసలామెకు చాదస్తం అనుకునేవాళ్ళు అనుకోండి. విన్నది విన్నాను.

మాది సికింద్రాబాద్. నాన్నకు మోండా మార్కెట్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. మా బస్తీ పక్కనే రాంగోపాల్‌పేట్‌లో ఖాదర్ మాస్టరు బ్యాండు మేళం ఉండేది. మొత్తం తొమ్మిది మంది, ఎర్ర కోట్లు, అందరికన్నా ముందు క్లారినెట్‌తో మాస్టరు. ఎవరి పెళ్లయినా సరే, ఆ మేళం వీధిలోకి వచ్చిందంటే పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తేదాన్ని. పాలు పొంగినందుకు అమ్మ చేతిలో దెబ్బలు కూడా తిన్నాను. పెద్ద డ్రమ్ము దెబ్బ పడితే కడుపులో ఏదో గంతులేసేది. అంత సంతోషం నాకు ఏ పండక్కీ లేదు.

మాస్టరుకు ఒక అలవాటు. పాట అయిపోయి అందరూ ఆపేశాక, ఆయన ఒక్కడే గుక్క పీల్చుకుని చివర్లో చిన్న ముక్క ఊదేవాడు, ఎవరినో ఆటపట్టించినట్టు. మేం దాన్ని తోక అనేవాళ్ళం. తోక వచ్చేదాకా మా బస్తీలో ఎవరూ చప్పట్లు కొట్టరు. ముందే కొట్టారంటే పరాయి ఊరివాళ్ళని తెలిసిపోయేది. ప్రతి పెళ్లిలోనూ మగపెళ్లివారు ఇలాగే దొరికిపోయేవారు, మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

నలభై ఎనిమిదిలో, నిజాం మీదికి సైన్యం వచ్చిన పోలీసు చర్యకు కొద్ది రోజుల ముందు మాస్టరు తన చెల్లెలిని తీసుకురావడానికి బీదర్ వైపు వెళ్ళాడు. వాయించే పని కాదు కనుక క్లారినెట్ ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అటు సాయిబుల్ని చంపుతున్నారని వచ్చే కబుర్లు వినేలా లేవు. ఆయన భార్యను మేం ఖాలా అని పిలిచేవాళ్ళం. ఆమె క్లారినెట్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. మేళం వాళ్ళు కోట్లు మడిచి పెట్టేశారు.

ఆ మాఘంలో నా పెళ్లి కుదిరింది. వేరే మేళానికి చెప్పొస్తానన్నాడు మా మేనమామ.

"గా సాయిబుల మేళం ఇప్పుడెందుకే? దినాలు మంచిగ లేవు."

"వాళ్ళొస్తేనే పీటల మీద కూసుంట. లేకుంటే నువ్వే కూసో మామా!"

నాన్న తల పట్టుకున్నాడు. నేను రాంగోపాల్‌పేట్ పోయి, పెద్ద డ్రమ్ము వాయించే మహబూబ్ గుమ్మంలో కూర్చున్నాను. ఆయన తల ఎత్తలేదు.

"మాస్టర్ లేకుండ ఎట్ల బిడ్డా? గల్లీలకు రావాలంటేనే భయమైతుంది."

"మీ ముందట మా నాయిన నడుస్తడు" అని మాటిచ్చి, ఇంటికొచ్చి ఆ సంగతి నాన్నకు చెప్పాను. పెళ్లి రోజు ఆయన కండువా వేసుకుని వాళ్ళ ముందు నడిచాడు.

ఆ మధ్యాహ్నం ఎదురుకోళ్ళు. భువనగిరి నుంచి వచ్చిన మగపెళ్లివారిని వీధి మొదట్లో మేళంతో ఎదుర్కోవాలి. పెళ్లికూతురు చూడకూడదన్నారు. మిద్దె ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడి మరీ చూశాను. ఎనిమిది ఎర్ర కోట్లు. మొదట్లో డ్రమ్ము తడబడింది, బాకాలు పలకలేదు. తర్వాత మహబూబ్ ఒక్క దెబ్బ వేశాడు చూడండి! బాకాలు లేచాయి. నెలల తరబడి మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. పారాణి ఆరని కాళ్ళతో గెంతాను. ఏడ్చాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

పాట ఆగింది. అలవాటు కొద్దీ మా బస్తీ అంతా చేతులు కదపకుండా నిలబడింది.

అప్పుడు క్లారినెట్ మోగింది. అదే తోక, అదే కొంటెతనం. పైనుంచి నాకు అందరూ కనిపిస్తున్నారు. ఎనిమిది మందీ వాయిద్యాలు దించేసి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి చేతిలోనూ క్లారినెట్ లేదు. మహబూబ్ గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు.

మావాళ్ళు ఊహించుకున్నారు అనండి, ఒప్పుకుంటాను. మరి భువనగిరివాళ్ళు? ఆ మేళం ఎన్నడూ విననివాళ్ళు, తొందరపడి చప్పట్లు కొట్టాల్సినవాళ్ళు, ఒక్కరు కూడా ముందు కొట్టలేదు; ఎవరో ఇంకా వాయిస్తున్నట్టు ఆగి, తోక విన్నాకే కొట్టారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటే ఆ క్లారినెట్ గురించి.

"ఆఖరికి ఒక్కడే ఊదిండు గదా, ఆయన ఏడ నిలబడ్డడు? నాకు కనబడలే."

మాస్టరు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. అడిగి తెలుసుకున్నాను.

అప్పగింతల వేళకు ఖాలా వచ్చింది. మధ్యాహ్నం ఆమెకూ ఇంట్లోకి వినిపించిందట. వెంటనే తాళం తీసి పెట్టె తెరిచి చూసిందట. క్లారినెట్ పెట్టినచోటే ఉంది, దుమ్ము పట్టి.

పక్కనే ఉన్న మేనమామ జాలిగా, "ఆయన ఆత్మ వచ్చి దీవించిపోయింది" అన్నాడు.

ఖాలా ఆయన మీదికి లేచింది. "సచ్చినోడు ఊదుతడా? ఊదాలంటే ఊపిరుండాలె గదా!" అని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఇన్నవా బిడ్డా?"

"ఇన్న ఖాలా" అన్నాను.

మాస్టరు రాలేదు. ఎక్కడున్నాడో, ఏమయ్యాడో చెప్పినవాళ్ళూ లేరు. బతికి ఉంటే తాళం వేసిన పెట్టెలోని క్లారినెట్ ఎలా మోగింది? లేకపోతే ఆ ఊపిరి ఎక్కడిది? ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఖాలా మాత్రం చివరి రోజు దాకా చేతుల గాజులు తీయలేదు. అందుకే ఎవరైనా అది ఆత్మేనంటే నేను ఊరుకోను. ఆ మాటకు సరేనంటే, ఆమె గాజులు నా చేత్తో పగలగొట్టినట్టే.